చీమలు తిన్న బొమ్మ, గల్ఫు వెళ్ళిన బొమ్మ

ఆ రోజుల్లో మా వైపు నుంచి గల్ఫు వెళ్ళిన మగవాళ్ళు ఏళ్ళ తరబడి ఇంటికి మనిషిగా కాకుండా మాటగా వస్తూ ఉండేవారు. ఉత్తరాలు రాసుకునేవాళ్ళు లేకపోలేదు గాని, ఇంట్లోకి టేప్ రికార్డరు వచ్చాక రాత మీద అందరికీ విసుగు పుట్టింది. మస్కట్‌లో మా బాబాయి తన గదిలో మంచం మీద కూర్చుని క్యాసెట్టులోకి మాట్లాడేవాడు. సెలవు మీద వచ్చే మనిషెవరో దాన్ని బనీన్ల మడతల్లో, సెంటు సీసాల పక్కన పెట్టుకుని తెచ్చి ఇచ్చేవాడు. ఇక్కడ ఇంటిల్లిపాదీ చాపలు పరుచుకుని, చర్చిలో ఆదివారం ప్రసంగం వినేటప్పుడు కూడా లేని శ్రద్ధతో వినేవాళ్ళం. ఆ తరవాత మా వంతు. కొత్త క్యాసెట్టు పెట్టి వయసు వరసన ఒక్కొక్కరం మాట్లాడేవాళ్ళం. ముందు మామ్మ, అంటే నాన్నకీ బాబాయికీ తల్లి. ఆవిడ గేదె ఈనడం నుంచి పాస్టరు గారి కాలు నొప్పి దాకా ఏదీ వదిలేది కాదు. తరవాత నాన్న, అమ్మ, నేను. బాబాయి భార్య, మా పిన్ని వంతు చిట్టచివరికి వచ్చేది. అప్పటికి టేపు అయిపోవస్తూ ఉండేది. అత్తగారు, బావగారు, తోడికోడలు, టేప్ రికార్డరు ఎలా పనిచేస్తుందో చూడ్డానికి వచ్చిన ఇరుగుపొరుగు, ఇంతమంది తన నోటికేసి చూస్తూ ఉంటే ఆవిడ ఆ పెట్టె దగ్గరికి వంగి, "నేను బాగున్నానండి. మీరు బాగున్నారా అండి. వేళకి తినండి" అనేది. అంతే. ప్రతిసారీ అంతే. (ఒకసారి మధ్యలో దగ్గు వస్తే మామ్మ టేపు వెనక్కి తిప్పించి, దగ్గు లేకుండా మళ్ళీ చెప్పించింది.) మొగుడూ పెళ్ళాల మధ్య ఎన్ని మాటలుంటాయో నాకప్పుడు తెలీదు. ఆ కాస్తా సరిపోతుందనే అనుకునేవాణ్ణి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా కుటుంబంలో నలుగురు చేరినచోటల్లా భోజనాలయ్యాక నా చేత చెప్పించుకునే కథ ఒకటుంది. నేను వేసిన పిన్ని బొమ్మని చీమలు తినేసిన కథ. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. చీమల దగ్గర ఆపేస్తాను. ఆ తరవాత జరిగింది చాన్నాళ్ళు చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల ఒక మనిషి మీద లేనిపోని మాట నిలబడిపోయింది. కనక ఈసారి చీమల దగ్గర ఆపను.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. ఇంటరు తప్పాను గాని, డ్రాయింగు లోయరూ హయ్యరూ రెండూ ప్యాసయ్యాను. మా ఊళ్ళో (అల్లవరం దాటి సముద్రం వైపు పోతే వస్తుంది) నన్ను 'ఆర్టిస్టు గారు' అనేవారు. ఆ 'గారు'లో గౌరవమెంతో వెటకారమెంతో మా గోదావరి వాళ్ళ నోట తేల్చుకోవడం కష్టం. నా బొమ్మలన్నిటిలోనూ రెండు కొండలుండేవి, మధ్యలో సూర్యుడుండేవాడు. కోనసీమ అంతా గాలించినా కొండ కాదు గదా, చెప్పుకోదగ్గ గుట్ట కూడా కనపడదు. అయినా కొండల్లేకపోతే అది ప్రకృతి కాదని నాకో గట్టి నమ్మకం. కింద మూల నా సంతకం మాత్రం పోతున్న బస్సులోంచి కూడా చదువుకోవచ్చు. క్రిస్మస్‌కి చర్చి గోడ మీద నేను వేసిన గొర్రెపిల్లని చూసి పాస్టరు గారు చాలాసేపు ఆలోచించి, "దీని కింద గొర్రెపిల్ల అని రాసేద్దాం బాబూ, పిల్లలు భయపడకుండా ఉంటారు" అన్నారు. అది కూడా నేను మెచ్చుకోలు కిందే జమ కట్టుకున్నాను.

ఆ వేసవిలో వచ్చిన క్యాసెట్టులో బాబాయి రెండు సంగతులు చెప్పాడు. మొదటిది ఉద్యోగం గురించి. "అమ్మా, ఇక్కడ నా మూడేళ్ళ అగ్రిమెంటు అయిపోవస్తోంది. ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టమంటున్నారు. ఇంటి దగ్గర అందరూ కులాసాగా ఉంటే పెట్టేస్తాను. లేదంటే వచ్చేస్తాను." రెండోది చెప్పే ముందు కాస్త గొంతు సవరించుకున్నాడు. పెళ్ళాం గురించి తల్లితో చెప్పాలి గదా. "మరేమో... మీ కోడలి బొమ్మ ఒకటి కావాలమ్మా. స్టూడియో ఫోటో ఒద్దు. ఆడు వెనకాల తాజ్‌మహలు తెర కట్టి తీస్తాడు. పొద్దస్తమానం ఇక్కడ ఇసకే చూస్తున్నాను, నాకు తాజ్‌మహలెందుకు? మన తోట కనపడాలి, మన కాలవ కనపడాలి. మన అబ్బాయి రంగులేస్తాడు గదా, ఆడి చేత వేయించండి. రాజోలాయన సెలవు మీద వచ్చేడు, తిరిగొచ్చేటప్పుడు ఆయనకిచ్చి పంపండి." పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి దొడ్లోకి వెళ్ళిపోయింది. నేనైతే అప్పటికే మస్కట్‌లో నా బొమ్మ చుట్టూ అరబ్బులు మూగినట్టు ఊహించుకుంటున్నాను.

పిన్ని గురించి ఒక మాట చెప్పాలి. బాబాయి వెళ్ళాక పుట్టిన పిల్ల ఇంకా చంకలో ఉండగానే, కొన్నాళ్ళ కిందట ఆవిడకి కామెర్లు వచ్చాయి. తగ్గాయి గాని మనిషి సగమైపోయింది. జాకెట్లన్నీ వదులైపోయి పిన్నీసులు పెట్టి బిగించుకునేది. ఆ ముక్క క్యాసెట్టులో ఎవరూ ఎత్తకూడదని మామ్మ ఆర్డరు. "అంత దూరంలో ఉన్నోడికి బెంగ పెట్టకండి. తగ్గిపోయిన రోగం గురించి చెప్పుకోడమెందుకు?" అనేది. మామ్మని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. కామెర్ల రోజుల్లో పిన్ని మంచం పక్కనుంచి కదలకుండా కూర్చున్నది ఆవిడే. కాకపోతే మా ఇంటి పక్కనే బాబాయి కట్టిస్తున్న ఇల్లు గోడల దాకా లేచి పైకప్పు లేకుండా నిలబడి ఉంది. మామ్మ రోజూ పొద్దున్నే లేచి దాన్ని చూసి నిట్టూర్చేది. కొడుకు వచ్చేస్తే అదలాగే ఉండిపోతుందని ఆవిడ భయం.

బొమ్మకి ముహూర్తం నేనే పెట్టాను. రంగుల పెట్టె, అమలాపురంలో కొన్న మందపాటి కాగితం, అట్ట, చెంబుతో నీళ్ళు పట్టుకుని పిన్నిని కాలవ గట్టున కొబ్బరితోటలోకి తీసుకెళ్ళాను. అక్కడికి వెళ్ళాక గాని నాకు తట్టలేదు, కాలవలో నీళ్ళు లేవని. ఏటా వేసవిలో మరమ్మతులకని కాలవలు కట్టేస్తారు. ఆ సంగతి కోనసీమలో పాలు తాగే పిల్లాడికీ తెలుసు, ఆర్టిస్టుకి తప్ప. అడుగున బురద, పగుళ్ళు, అక్కడక్కడా మిగిలిన గుంటల్లో చేపలు పట్టుకుంటున్న పిల్లలు.

"ఏం పరవాలేదు పిన్నీ, నీళ్ళు నేను పెట్టేస్తాను. రెండు పడవలు కూడా వేస్తాను" అన్నాను.

"ఒద్దురా. ఉన్నది ఉన్నట్టు వెయ్యి."

"ఎండిపోయిన కాలవేం బాగుంటుంది? సరే, నువ్వు కాస్త నవ్వు."

"నవ్వొస్తే నవ్వుతానులే." ఆవిడ కొబ్బరి దుంగ మీద కూర్చుని, ఎవరూ దగ్గర్లో లేరని చూసుకుని, గొంతు తగ్గించింది. "ఇదిగో అబ్బాయ్, చెప్తాను విను. ఆ పెట్టెలో నేనేం మాట్లాడగలను చెప్పు? అందరూ నా చుట్టూ కూచుంటారు. నా మొహం ఎలాగుందో అలాగే వెయ్యి. ఎముకలుంటే ఎముకలు, కళ్ళల్లో పసుపుంటే పసుపు. ఆయన చూడంగానే తెలిసిపోవాలి. చూసి వచ్చేయాలి. పిల్లకి తండ్రంటే క్యాసెట్టే అనుకుంటుందిరా."

నేను చాలా గంభీరంగా తలూపాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నా బాధ వేరు. ఇంత పెద్ద అవకాశం వస్తే, నాకు కొండల్లేవు, నీళ్ళు లేవు, నవ్వు లేదు. ఇంకేం మిగిలింది వెయ్యడానికి?

నీటిరంగులతో ఒక తిరకాసుంది. వాటిల్లో తెల్లరంగుకి పనిలేదు, కాగితమే తెలుపు. వెలుతురు ఎక్కడ పడుతుందో అక్కడ రంగు పెట్టకుండా వదిలెయ్యాలి. అంటే చెయ్యి ఆపుకోవడమే అసలు పని. నాకు చేతకాని పని అదొక్కటే. ఆ రోజు మాత్రం మొహం పెన్సిలుతో గీసుకుని, పలచటి రంగు మొదలుపెట్టబోతూ బ్రష్షు ముంచడానికి చెయ్యి చాపితే చెంబు ఖాళీ. వెనక పక్కింటి అత్తయ్య గారి పెయ్యదూడ మూతి నాక్కుంటోంది. దాని వెనక అత్తయ్య గారే నిలబడి ఉన్నారు.

"ఏరా ఆర్టిస్టూ, మా పెయ్య నీ బొమ్మలో పడుతుందా?"

"పడదండి అత్తయ్య గారు. నా నీళ్ళన్నీ తాగేసిందండి."

"తాగితే తాగింది. పడేలాగ వెయ్యి. మీ బాబాయి దీని తల్లిని ఎరుగును. చూస్తే సంతోషిస్తాడు."

నీళ్ళ కోసం ఇంటికి వెళ్ళాలి. ఇంటికి వెళితే మామ్మ వెంట వస్తుంది. నేను అటూ ఇటూ చూస్తుంటే, తోటలో కాయలు దింపుతున్నతను చెట్టు మీద నుంచి కేకేశాడు. "నీళ్ళే కదేంటండీ కావాలి? బొండాలు కొట్టిస్తాను, వాటితో వేసేయండి. బొమ్మకి చలవ చేస్తుంది!" కింద ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు. నాకది బ్రహ్మాండమైన ఆలోచనగా తోచింది. బొండాం నీళ్ళు మన బావి నీళ్ళకన్నా శుభ్రం, తేటగా ఉంటాయి. పైగా కోనసీమ బొమ్మ కోనసీమ కొబ్బరినీళ్ళతోనే వేశానని రేపు ఎవరైనా అడిగితే చెప్పుకోవచ్చు. (ఎవరు అడుగుతారనుకున్నానో ఇప్పటికీ తెలీదు.) లేత బొండాం ఒకటి కొట్టించి సగం నేను తాగి, మిగిలిన సగంలో బ్రష్షు ముంచాను.

అప్పుడేం జరిగిందో నాకు పూర్తిగా తెలీదు. బహుశా వేసుకోవడానికి నాకిష్టమైనవేవీ లేకపోవడం వల్లనేమో, ఉన్నవాటిని చూడక తప్పలేదు. పిన్ని చెక్కిళ్ళ కింద పల్లాలున్నాయి. కళ్ళ తెలుపులో ఇంకా సన్నగా పసుపు జీర ఉంది. మెడ దగ్గర పిన్నీసు మెరుస్తోంది. కొబ్బరాకుల మధ్య నుంచి పడుతున్న ఎండ ఆవిడ నుదుటి మీద ఒక చోట పడితే అక్కడ కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేశాను. వెనక కాలవ ఉన్నట్టే, బురద రంగులో. అంతసేపూ ఆవిడ ఎండిన కాలవకేసి చూస్తూ కూర్చుంది, నేను ఉన్నానని కూడా మర్చిపోయినట్టుంది. పూర్తయ్యాక చూపిస్తే చాలాసేపు చూసి, "ఆయ్. ఇదే. ఇది చాలు" అంది. మొహం కొంగుతో తుడుచుకుని లేచింది. నాకు మాత్రం బొమ్మ నచ్చలేదు. నచ్చిందల్లా అది మెరవడం. ఎంతసేపైనా ఆరకుండా నిగనిగలాడుతోంది. గొప్ప బొమ్మలు అలాగే మెరుస్తాయి కాబోలనుకున్నాను.

ఇంటికి తెచ్చి వసారాలో చాప మీద ఆరబెట్టి, అన్నం తిని, కునుకు తీశాను. మామ్మ కేకతో మెలకువ వచ్చింది.

"ఒరేయ్ అబ్బాయ్, లెగరా! మీ పిన్ని మొహం కదుల్తోందిరా!"

పరిగెత్తాను. నిజంగానే కదులుతోంది. గుమ్మం కింద నుంచి ఒక బారు, స్తంభం మీద నుంచి ఇంకో బారు, వచ్చిన చీమలు వచ్చినట్టే పిన్ని చెంపల మీద చేరి తీరిగ్గా విందు చేసుకుంటున్నాయి. కాలవ బురద దగ్గర కూడా కొన్ని ఉన్నాయి గాని, ఎక్కువ మంది మొహాన్నే ఇష్టపడ్డారు. తియ్యటి నీళ్ళు ఎక్కువ పట్టిందక్కడే మరి. ఊదాను, పోలేదు. విసనకర్రతో విసిరాను, పోలేదు. తడిగుడ్డ తెచ్చి తుడిచాను. చీమలు పోయాయి. వాటితో పాటు మొహమూ పోయింది. మెడ మీద పిన్నీసు, పైన జుట్టు, మధ్యలో లేత గోధుమరంగు మరక. అప్పటికి ఊరు సగం మా వసారాలో ఉంది. "చలవ చేసిందేంటండీ బొమ్మకి?" అని కాయలు దింపేతను తలుపు దగ్గర నిలబడి అడిగాడు. ఆ మాటకి మా నాన్న నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పిన్ని కూడా నవ్వింది. ఆ తరవాత మరకని వేలితో ముట్టుకుని చూసుకుంది.

నేను ఎప్పుడూ కథ ఆపే చోటు ఇదే.

మర్నాడు ఆదివారం, ఎల్లుండి రాజోలాయన బయల్దేరిపోతాడు. చర్చి నుంచి రాగానే మామ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది. ఈసారి బావి నీళ్ళు ఆవిడే తోడి తెచ్చింది. పిన్నిని పిలిస్తే వంటింట్లోంచి, "నిన్న కూర్చున్నాను గదా, పనుంది. గుర్తున్నట్టు వేసెయ్యి. నేను చెప్పింది కూడా గుర్తుంది గదా" అంది. గుర్తుంది. అక్షరం అక్షరం గుర్తుంది. పల్లాలు వేశాను కూడా. మామ్మ నా భుజం మీంచి వంగి చూసింది.

"అదేంట్రా, కరువులో మనిషిలాగ వేసేవు? ఆడు చూసి, మా అమ్మ దీనికి తిండి పెట్టట్లేదనుకుంటాడు. బుగ్గలు నింపు."

"పిన్ని ఉన్నట్టు వెయ్యమంది మామ్మా."

"ఉన్నట్టే వెయ్యరా. పెళ్ళినాడు ఎలాగుందో అలాగ. రేపో మాపో మళ్ళీ అలాగే అవుద్ది గదా, కాస్త ముందు వేస్తున్నావు, అంతే."

కొంచెం నింపాను. "ఇంకాస్త" అంది. నింపాను. బొమ్మలో ఆవిడ బాగుపడుతున్న కొద్దీ అరుగు చుట్టూ మెచ్చుకోళ్ళు పెరిగాయి. "అబ్బ, జీవం వచ్చిందండీ!" "చీమలు తిన్నదానికన్నా ఇదే బాగుంది." పొగడ్త వింటున్న కొద్దీ నా చెయ్యి ఆగలేదు. గాజులు వేశాను. లేని నక్లెసు వేశాను. పెదాల మీద నవ్వు పెట్టాను. కాలవలో గట్ల దాకా నీళ్ళు పోసి, రెండు పడవలు వదిలాను. పెయ్యదూడని కూడా వేశాను. (కొండలు వెయ్యలేదు. ఆ రోజు నేను చూపించిన నిగ్రహం అదొక్కటే.) కింద సంతకం పెట్టుకుని, పిన్నికి చూపించడానికి వంటింట్లోకి తీసుకెళ్ళాను. ఆవిడ చేతులు తుడుచుకుని బొమ్మకేసి చూసింది. మొహం దగ్గర కన్ను ఆగినట్టు నాకు కనపడలేదు.

"కాలవ నిండా నీళ్ళు పెట్టేవే" అంది.

"బాగుంది కదా పిన్నీ?"

"నీళ్ళు బాగున్నాయి."

నేను మురిసిపోయాను. నీళ్ళు వెయ్యడం అన్నిటికన్నా కష్టం మరి.

సోమవారం పొద్దున్నే రాజోలాయన వచ్చాడు. మా ప్రాంతం నుంచి ఎవరు గల్ఫుకి తిరిగి వెళుతున్నా ఊరూరా పచ్చళ్ళూ సున్నుండలూ పోగవుతాయి. ఆయన సంచీలు చూస్తే సొంత బట్టలకి చోటున్నట్టు లేదు. మామ్మ ఆవకాయ సీసా ఇచ్చి, బొమ్మ విప్పి చూపించింది.

"అబ్బో, అమ్మగారు దివ్యంగా ఉన్నారండి. మావాడు అక్కడ ఊరికే బెంగెట్టుకుంటున్నాడు" అన్నాడాయన. అప్పుడే పిన్ని మజ్జిగ గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన గ్లాసు అందుకుని, ఆవిడకేసి చూసి, మళ్ళీ మామ్మ వైపు తిరిగాడు. "అమ్మగార్ని ఒక్కసారి పిలుస్తారా అండి? కళ్ళారా చూసేనని చెప్తే వాడికి అదొక తృప్తండి."

అమ్మగారు ఆయన ఎదురుగా గ్లాసు పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది.

మామ్మ ఆవకాయ సీసాని ఆయన వైపు ఇంకాస్త జరిపింది. "అది... ప్రార్థనకి వెళ్ళిందండి. వచ్చేసరికి పొద్దెక్కుద్ది" అంది. నేను నోరు తెరవాల్సింది అప్పుడు. 'ఈవిడే అండి మా పిన్ని' అంటే చాలు. ఆ మాట పెదాల దాకా వచ్చింది కూడా. కాని అంటే నా బొమ్మ పరువు పోతుంది. బొమ్మ పోలికలు లేవంటారు. పిన్ని నావైపు చూసింది. నేను బొమ్మ చుట్టడంలో మునిగిపోయినట్టు నటించాను. ఆవిడ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తరవాతి క్యాసెట్టు వానలు పడ్డాక వచ్చింది. అందరం చాపల మీద చేరాం. బాబాయి గొంతు మహా హుషారుగా ఉంది. "బొమ్మ అందిందమ్మా. గదిలో అందరికీ చూపించేను. మీ కోడలు బాగుంది, కాలవ బాగుంది, పెయ్య ఎవరిదో గాని అదీ బాగుంది. నా మనసు కుదుటపడిపోయింది. రెండేళ్ళకి సంతకం పెట్టేసేను. ఇంక ఇంటికి శ్లాబు పడిపోద్ది." మామ్మ చేతులు జోడించి ప్రభువుకి స్తోత్రం చెప్పింది. నాన్న నా వీపు తట్టాడు. పిన్ని, "పొయ్యి మీద పాలున్నాయి, పొంగిపోతున్నాయేమో" అంటూ లేచింది. మెచ్చుకోళ్ళలో నా వంతు పూర్తిగా అందుకున్నాక మంచినీళ్ళ కోసం నేనూ వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద పాలు లేవు. పొయ్యిలో నిప్పు లేదు. ఆవిడ పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, "వెలిగించడం మర్చిపోయేను" అంది. నేను నీళ్ళు తాగకుండానే వెనక్కి వచ్చేశాను.

బాబాయి వచ్చిన నాటికి వాళ్ళమ్మాయి, నా చెల్లి, బడికి వెళ్ళే వయసుకొచ్చింది. బస్సు దిగిన తండ్రిని చూసి తలుపు వెనక్కి దూరింది. ఆయన మాట్లాడ్డం మొదలుపెట్టాక, ఆ గొంతు గుర్తుపట్టి మెల్లగా బయటికి వచ్చింది. ఇంటికి శ్లాబు పడింది. మామ్మ అందులో కొన్నేళ్ళు సుఖంగా ఉండి వెళ్ళిపోయింది. నేను డ్రాయింగు మాస్టర్నయ్యాను. ఇన్నేళ్ళుగా పిల్లలకి, కనపడింది వెయ్యండర్రా అని చెబుతూ జీతం తీసుకుంటున్నాను.

కిందటి వేసవిలో చెల్లి కొత్త ఇంటి ప్రార్థనకి అందరం చేరాం. భోజనాలయ్యాయి, చీమల కథ చెప్పాను, నవ్వులయ్యాయి. అప్పుడు చెల్లి, వక్కపొడి నోట్లో వేసుకుంటూ, నవ్వుతూనే అంది. "బొమ్మ ఎన్నిసార్లు వేయించుకుంటే ఏం లాభం అన్నయ్యా? వచ్చేయండి అని ఒక్క ముక్క అనలేదుగా మా అమ్మ. నాన్నని నేను ఐదేళ్ళొచ్చేదాకా చూడలేదు. ఇల్లు కావాలి, నక్లెసు కావాలి ఆవిడకి. పాత క్యాసెట్లన్నీ విన్నాను, 'నేను బాగున్నానండి', అంతే." అందరూ మళ్ళీ నవ్వారు. ఎన్నోసార్లు విన్నమాటే అన్నట్టు నవ్వారు. మా పిన్ని కూడా నవ్వి, విస్తరాకు మడుచుకుంటోంది. అప్పుడర్థమైంది నాకు, ఇన్నేళ్ళూ నేను సగం కథతో నవ్విస్తూ ఉంటే మిగతా సగాన్ని వాళ్ళు తలో రకంగా పూరించుకున్నారని.

చెప్పేశాను. తోటలో ఆవిడ నాతో అన్న మాట, మామ్మ పక్కన కూర్చుని నింపిన బుగ్గలు, మజ్జిగ గ్లాసు, అన్నీ. చెప్పడం ఏమంత బాగా చెప్పలేదు, మధ్యలో రెండుసార్లు నీళ్ళు తాగాను. చెల్లి వాళ్ళమ్మకేసి చూసి, లేచి వెళ్ళి ఆవిడ చేతిలో విస్తరాకు తీసుకుంది. "ఆ నక్లెసు మనింట్లో లేదని నాకు తెలీదేంట్రా?" అన్నాడు బాబాయి, నాతో కాదు, ఎవరితోనో అన్నట్టు. "నేనే కొనలేదు గదా. అయినా చూసుకుంటూ కూర్చున్నాను. నమ్మితే సంతకం పెట్టడం తేలికయ్యింది."

సాయంత్రం జనం పల్చబడ్డాక వరండాలో పిన్ని పక్కన కూర్చున్నాను. క్షమాపణ చెప్పుకుందామని నోరు తెరిచానో లేదో ఆవిడే అంది. "ఆ బొమ్మ ఆదివారం రాత్రంతా నా ట్రంకుపెట్టె మీదే ఉందిరా. చింపేద్దామనే తీసేను. తీరా చూస్తే ఆవిడెవరో గాని అంత కులాసాగా నవ్వుతోంది. చింపబుద్ధి కాలేదు."

ఏమీ తోచనప్పుడు డ్రాయింగు మాస్టరు చేసే పని ఒకటే. జేబులోంచి పెన్సిలు తీశాను, ఇంటి ప్రార్థన ఆహ్వానపత్రం వెనక్కి తిప్పాను.

"కదలకు పిన్నీ. ఉన్నది ఉన్నట్టు వేస్తాను. ఈసారి మామ్మ లేదు."

ఆవిడ నా చేతిలో పెన్సిలుకేసీ, నాకేసీ మార్చి మార్చి చూసింది. అరవై దాటిన మనిషి, పెళ్ళికూతురిలాగ జుట్టు సవరించుకుంది.

"నిజంగా ఉన్నట్టే వేస్తావా?"

"ఒట్టు."

"అయితే కాసేపు ఆగు" అంటూ మోకాళ్ళ మీద చేతులానించి లేచింది. "లోపల గ్లాసులో ఉన్నాయి, కట్టుడు పళ్ళు పెట్టుకొస్తాను."